ధూపం రాత్రుల్లో కడిగిన లారీ

జెనొవేవా తుర్నర్ ఏ లారీ కడగాలన్నా ముందు బంపరు మీద అరచేత్తో మూడు దెబ్బలు కొట్టేది. కొట్టి ఆగేది. తల కాస్త వంచి వినేది. "లోపలెవరున్నా బయటికి రండి, నీళ్ళొస్తున్నాయి" అనేది. ఆ తర్వాతే, కింద ఉన్న ఇంజన్ బయటపడేలా క్యాబిన్‌ను ముందుకు వంచే పంపు మీద చెయ్యి వేసేది.

మా లోయలో ఆమెను అందరూ వేవి అంటారు. కలప లారీల యార్డులో కడిగే పని ఆమెది. తట్టడానికి కారణం లేకపోలేదు. సీటు వెనక పడకలో డ్రైవర్ నిద్రపోతూ ఉండవచ్చు. చూసుకోకుండా క్యాబిన్ వంచితే వాడు వెళ్ళి ముందు అద్దానికి కొట్టుకుంటాడు. ఇంజన్ వెచ్చదనానికి పిల్లి దూరి ఉండవచ్చు. కానీ కుర్ర డ్రైవర్లు ఊరుకుంటారా?

"వేవత్తా, లోపల దెయ్యం ఉండి 'ఎవరదీ' అంటే ఏం చేస్తావ్?"

"దెయ్యాలకి నీళ్ళంటే లెక్కలేదురా. తడిసి చచ్చేవాళ్ళ కోసం నా తాపత్రయం. నువ్వు కాళ్ళు తుడుచుకుని నడు, నేల ఇప్పుడే కడిగా."

నా పేరు క్విరిన్. ఆ యార్డు పక్కనే లారీలు బాగుచేసే షెడ్డు నాది. ఈ పని నాకెవరూ నేర్పలేదు, ఆమెకీ ఎవరూ నేర్పలేదు. అందుకేనేమో మా ఇద్దరికీ పొత్తు కుదిరింది. వేవి చిన్ననాటి నుంచీ కొండమీది పచ్చిక బయళ్ళలో ఆవులు కాసి, పాలక్యాన్లు తోమిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మోకాళ్ళు అరిగాక కిందికి దిగివచ్చింది. క్యాన్ మూత అంచున పిసరంత జిడ్డు మిగిలితే తెల్లారేసరికి పాలన్నీ విరుగుతాయని తెలిసిన చెయ్యి అది. ఇంజన్ మీద కూడా ఆ పిసరు కోసమే వెతికేది.

వేడి ఇంజన్ మీద నీళ్ళు పోయనిచ్చేది కాదు. "పరిగెత్తి వచ్చిన గుర్రానికి చన్నీళ్ళు కొడతావా?" అని తిట్టి డ్రైవర్‌ని కాఫీకి తోలేది. క్యాబిన్ వంచాక దాన్ని నిలబెట్టే కొక్కెం పడిందని కళ్ళతో చూస్తే చాలదు, వేలు పెట్టి తడిమేది. అది జారితే క్యాబిన్ అంతా వీపు మీదికి వస్తుంది. బ్యాటరీ తీగ విప్పేది. డైనమోకీ, గాలి పీల్చే గొట్టానికీ, కరెంటు పెట్టెలకీ ప్లాస్టిక్ సంచులు తొడిగి తాళ్ళు కట్టేది. స్టీరింగ్‌కి ఒక ఎర్ర గుడ్డ కట్టేది; ఆ గుడ్డ ఉన్నంతసేపూ ఎవరూ తాళం తిప్పకూడదు. సబ్బునీళ్ళు కింది నుంచి పైకి పూసి, మెత్తని కుంచెతో రుద్ది, నీటి ధారను దూరం నుంచి వానలా పడనిచ్చేది. చివర గాలి గొట్టంతో మూలమూలా ఊది ఆరబెట్టేది. పని జరుగుతున్నంతసేపూ మాట్లాడేది కాదు.

మాటలన్నీ ఇంట్లో దాచుకునేది, పైన ఉన్నవాడి కోసం.

పైన ఉన్నవాడంటే మార్టెన్ అనే అడవి జంతువు. పిల్లికన్నా సన్నం, ముంగిసకన్నా పొడుగు, గొంతు కింద తెల్లని మచ్చ, కుచ్చులాంటి తోక. మా వైపు పాత ఇళ్ళ అటకల మీద ఇవి కాపురం పెడతాయి. పగలంతా పడుకుని, చీకటి పడ్డాక అటక మీద మనిషి నడిచినట్టే నడుస్తాయి. వేవి ఇంట్లో మొదటిసారి భోంచేసినవాళ్ళు స్పూను కింద పెట్టి పైకప్పు వంక చూసేవారు.

"మా అద్దెకున్నవాడు," అనేది వేవి. "అద్దె ఇవ్వడు, ఎలుకల్ని ఉంచడు."

గోల ఎక్కువైతే చీపురు కర్రతో పైకప్పుకు మూడుసార్లు తట్టేది. పైన చప్పుడు ఆగేది. కాసేపటికి పైనుంచీ టక్, టక్, టక్ అని వినిపించేది. అది వెనక కాళ్ళతో కొడుతుందో, ఎముకముక్క దొర్లిస్తుందో నాకు తెలియదు. నేను విన్నాను. నవ్వాను కూడా.

"దాన్ని తరిమెయ్, వేవీ. కోళ్ళని బతకనివ్వదు, లారీలని బతకనివ్వదు," అని పక్కింటి వాల్బుర్గ ఎన్నోసార్లు చెప్పింది.

"నీ కోళ్ళగూడుకి తలుపు బిగించుకో," అనేది ఈమె.

వాల్బుర్గ ఫాంక్‌హౌజర్‌కి ఇద్దరు కొడుకులు. విన్‌చెన్స్, రోఖుస్. ఇద్దరూ కలప లారీ తోలేవారు. లారీ ఒకటే, వంతులు వేసుకునేవారు. వాళ్ళ లారీ షెడ్డుకీ వేవి ఇంటికీ మధ్య ఒక కంచె మాత్రమే అడ్డం.

కిందటి ఏడు ఫిబ్రవరిలో, మంచు గట్టిపడ్డ పొద్దున, విన్‌చెన్స్ నిండు బరువుతో కిందికి దిగుతుండగా గొర్రెల మలుపు దగ్గర ఇంజన్ ఆగిపోయింది. దిగుడులో ఇంజన్ ఆగితే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. లారీ రోడ్డు దాటి నాలుగు చెట్లకు ఆనుకుని నిలిచింది. విన్‌చెన్స్ ప్రాణం నిలవలేదు. ఆ లారీని నా షెడ్డుకి లాక్కొచ్చాక నేను చూశాను: ఇంజన్ పక్కన సన్నని తీగ ఒకటి తెగి ఉంది. కత్తితో కోసినట్టు లేదు. సూదుల్లాంటి పళ్ళతో నమిలినట్టు ఉంది.

వాల్బుర్గ దాని సంగతి ఎత్తేది కాదు. ఆమె బాధ వేరు.

"ఆ పొద్దున వాడు వట్టి చేతుల్తో పోయాడు క్విరిన్. నేనల్లిన ఉన్ని గ్లౌజులు, ఎర్ర చారవి, ఆరడానికి ఇంజన్ మీద పెట్టాట్ట. పొద్దున చూస్తే లేవట. వాడి చేతులు ఎంత చల్లబడ్డాయో."

వేసవంతా నేను ఆ లారీని నిలబెట్టాను. ఆకులు రాలే కాలానికి రోఖుస్ దాన్ని తోలడం మొదలుపెట్టాడు. మంచు పడ్డాక మళ్ళీ తీగలు తెగడం మొదలైంది. పొద్దున తాళం తిప్పితే ఇంజన్ దగ్గి ఆగేది. నేను వెళ్ళి తీగ మార్చేవాణ్ణి. వారం తిరిగేసరికి అదే తీగ, అదే చోట.

"ఇది ఆకలి కాదు, రోఖుస్, కోపం," అని చెప్పాను. "నీ లారీ పక్క లోయకి పోతుంది, అక్కడ ఆగుతుంది. అక్కడి మార్టెన్ ఇంజన్ మీద పడుకుని వాసన వదుల్తుంది. ఇంటికొచ్చాక ఇక్కడిదానికి ఆ వాసన తగిలి పిచ్చెక్కుద్ది. తన ఇంట్లో పరాయివాడు పడుకున్నట్టు. ఎదుటివాడు దొరకడు కాబట్టి తీగని కొరుకుద్ది. నేను ఎన్ని తీగలేసినా లాభంలేదు. వేవక్క చేత ఇంజన్ మొత్తం కడిగించు. వాసన పోతే కోపం పోద్ది."

"పండక్కి ముందు కడిగిస్తాలే."

కడిగించలేదు. పని ఒత్తిడి. పండుగ వచ్చేసింది.

క్రిస్మస్‌కీ, జనవరి ఆరున వచ్చే ముగ్గురు రాజుల పండుగకీ మధ్య రాత్రుల్ని మేము ధూపం రాత్రులంటాం. ఆ రోజుల్లో గాలిలో చచ్చినవాళ్ళ గుంపు ఒకటి తిరుగుతుందని పెద్దలమాట. పొద్దు వాలుతుండగా ఇంటి పెద్దావిడ పెనంలో నిప్పులు, సాంబ్రాణి వేసుకుని గదిగదికీ, పశువుల కొట్టానికీ పొగ చూపిస్తుంది. ఆ రోజుల్లో ఉతకకూడదు, కడగకూడదు, తీగ మీద గుడ్డ ఆరెయ్యకూడదు. ఆ రోజుల్లో ఉతికిన గుడ్డ ఆ ఇంట్లో ఒకరి శవానికి కప్పుగుడ్డ అవుతుంది. కారు కొన్నవాడూ, ఫోనులో లోకమంతా చూసేవాడూ, ఆ రోజుల్లో మాత్రం బట్టలు మూటగట్టి పక్కన పెడతాడు. ఎందుకని అడిగితే నవ్వుతాడు. అయినా పెడతాడు.

సంవత్సరం చివరికి రెండు రోజులున్నాయనగా ఆ తీగ మళ్ళీ తెగింది. కొత్త సంవత్సరం రాగానే రోఖుస్ కలప దించాలి. కింద కోతమిల్లు వాళ్ళు రాజుల పండుగ దాకా ఆగలేమన్నారు. అంటే గొర్రెల మలుపు, నిండు బరువు, ఎప్పుడు తెగుతుందో తెలియని తీగ.

రోఖుస్ వేవి ఇంటికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఎండు బేరిపండ్ల రొట్టె కోస్తోంది.

"వేవత్తా, ఒక్క పూట. ఎవరికీ చెప్పను."

"చెప్తావని కాదురా భయం."

"మరి?"

వేవి కత్తి కింద పెట్టింది. "నేను కొండమీద పనిచేసేప్పుడు ఆ ఇంటావిడ ఇవే రోజుల్లో దుప్పటి ఒకటి ఉతికింది. మడత పెట్టింది నేనే. ఈస్టర్‌కి ఆ దుప్పట్లోనే ఆవిడ మొగుణ్ణి చుట్టారు. అప్పుడూ నేనే మడత విప్పా. రాజుల పండగయ్యాక తెల్లారుతూనే రా, నీ ఇంజన్ అద్దంలా చేసిస్తా. ఇప్పుడు నీళ్ళు ముట్టను."

రోఖుస్ రొట్టె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. పైన అడుగులు ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచాయి.

సంవత్సరం చివరి రోజు మధ్యాహ్నం కొత్త తీగ పట్టుకుని నేను ఫాంక్‌హౌజర్ల ఇంటికి బయల్దేరాను. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, కంచె కర్రలు ఒక్కొక్కటే వచ్చి ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. అప్పటికే వెలుగు తగ్గుతోంది. ఎక్కడో గంట మోగింది, ఎటునుంచో తెలియలేదు. ముందు సాంబ్రాణి వాసన వచ్చింది. రెండడుగులు వేశాక దానిలో ఇంకో వాసన కలిసింది. అది ఇక్కడ ఉండకూడని వాసన. ఏమిటో నాకు తట్టేలోపే కంచె అవతలి నుంచి కేక వినిపించింది.

"వాల్బుర్గా! అక్కడే ఆగు! అడుగు వెయ్యకు!"

వేవి. తలకు రుమాలు లేదు, కాళ్ళకు ఇంటి చెప్పులు. మంచులో పరిగెత్తుతోంది. ఆ మోకాళ్ళతో ఆమె పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు.

షెడ్డు తలుపు దగ్గర వాల్బుర్గ నిలబడి ఉంది. చేతిలో పెనం, పెనంలో ఎర్రగా నిప్పులు. కొట్టం అయిపోయి, ఇంక లారీకి పొగ చూపించడానికి వచ్చింది. తలుపు గడియ మీద రెండో చెయ్యి ఉంది.

"గడియ తియ్యకు. లోపల పెట్రోలు."

"ఏం పెట్రోలు? డీజిల్ బండి అది."

లోపల నుంచి రోఖుస్ గొంతు వచ్చింది. "నేనేలే అమ్మా. రంపానికి పోసే పెట్రోలు. ఇంజన్ రుద్దుతున్నా. నీళ్ళు ముట్టలేదులే, భయపడకు! ఇది కడగడం కిందికి రాదు!"

ఇలాంటి తప్పు మావాళ్ళే చేస్తారు. నీళ్ళు పోస్తే నియమం తప్పినట్టు కాబట్టి పెట్రోలు డబ్బా, కుంచె పట్టుకున్నాడు. చలికి తలుపులు మూసుకున్నాడు. ఏళ్ళ నాటి జిడ్డంతా పెట్రోలులో నానుతోంది. ఆవిరి షెడ్డు నిండా నిలిచి ఉంది. ఇక తల్లి, ఏటేటా చేసే పనే కదా అని, నిప్పులు పట్టుకుని గుమ్మం దగ్గరకు వచ్చింది.

వేవి పెనం లాక్కుని, గాలికి ఎదురు దిక్కున పది బారల దూరం పోయి, మంచులో బోర్లించింది. కాలితో మంచు తోసి కప్పింది. సుయ్‌మని చప్పుడు, తెల్లని ఆవిరి. తర్వాత ఏమీ లేదు.

వాల్బుర్గ ముఖం ఆ మంచులాగే అయింది. ధూపం నిప్పు ఆరిపోవడమంటే ఇంటికి చావును పిలిచినట్టే. అదీ ఆ రోజుల్లో, పరాయి చేతిలో.

"ఏం చేశావే! నా ఇంట్లో ఇంకొక్కడే మిగిలాడు వేవీ! ఒక్కడు! దీనికి వచ్చేదేదో నీ ఇంటికే రావాలి. నా ఇంటికి కాదు. నీ ఇంటికే!"

"రానీ," అంది వేవి. ఆయాసంతో రొప్పుతోంది. "నా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. ఎక్కడ వెతకాలా అని కష్టపడక్కర్లేదు దానికి. క్విరిన్, అటువైపు పెద్ద తలుపు తెరువు. మెల్లగా. లైటు ముట్టుకోకు. వెలుగుతున్నది వెలగనీ, ఆరినది ఆరనీ. ఒరేయ్ రోఖుస్, బయటికి రా."

రోఖుస్ తూలుతూ వచ్చాడు, కళ్ళు ఎర్రగా. అప్పుడు గానీ వాడికి అర్థం కాలేదు. "బ్యాటరీ తీసేస్తా ఉండు," అని వెనక్కి తిరిగాడు.

"చెయ్యి తియ్యి!" వేవి అరుపుకి షెడ్డు మీది మంచు జారింది. "తీగ లాగేప్పుడు మెరుపొస్తది. ఆ మెరుపు చాలు. ముందు గాలి పోవాలి."

రెండు వైపులా తలుపులు తెరిచి మంచులో నిలబడ్డాం. పొగమంచు ఒక తలుపులోంచి దూరి, లారీ చుట్టూ తిరిగి, రెండో తలుపులోంచి పోతోంది. క్యాబిన్ వంచి ఉంది, మెడ వాల్చిన పశువులా. కొక్కెం పడలేదు. వేవి అది చూసి రోఖుస్ వంక ఒక్క చూపు చూసింది.

వాసన సన్నబడ్డాక తనే వెళ్ళి కొక్కెం వేసి, వేలితో తడిమింది. బ్యాటరీ విప్పింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"నీళ్ళు కావాలి క్విరిన్. గోరువెచ్చగా. వాల్బుర్గ వంటింట్లో కాగుతుంటాయి."

"అక్కా, నువ్వు కడగనన్నావుగా."

"ఈ పెట్రోలు ఇలా ఉండగా ఇంజన్ తిప్పితే వీడు ఈ వాకిలి కూడా దాటడు. కడక్కుండా ఆరనిస్తే ఆ తీగ తెంపించే వాసన అలాగే ఉంటది, వీడు మలుపు దాటడు. ఇంకో దారి నీకు తెలిస్తే చెప్పు."

నీళ్ళు తెచ్చాను. వాల్బుర్గ గుమ్మంలోనే గడ్డకట్టినట్టు నిలబడిపోయింది.

వేవి సంచులు కట్టింది. ఎర్ర గుడ్డ కట్టింది. కింద రేకు పళ్ళెం పెట్టి చుట్టూ రంపంపొట్టు పోసింది. అప్పుడు ముందుకు వచ్చి, అలవాటు ప్రకారం, బంపరు మీద మూడు దెబ్బలు కొట్టింది.

ఆగింది. తల వంచి వింది.

లోపలి నుంచి టక్, టక్, టక్ అని వచ్చింది.

నేను విన్నాను. రోఖుస్ విన్నాడు, నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇంజన్ తిరిగి రెండు రోజులైంది. చల్లారే ఇనుము చేసే చప్పుడు కాదది. గుమ్మంలోంచి వాల్బుర్గ గొంతు వచ్చింది, చిన్నపిల్లాణ్ణి నిద్రలేపుతున్నట్టు.

"విన్‌చెన్స్? నాన్నా?"

ఎవరమూ కదల్లేదు. వేవి ముఖంలో ఏదో మారింది. భయం కాదు. తెలిసిన గొంతు తెలియని చోట విన్నప్పుడు ఉంటుంది చూడండి, అలా.

"బయటికి రా," అంది మెల్లగా. "నీళ్ళొస్తున్నాయి."

గేరుపెట్టె పైనుంచి ఏదో జారింది. నేల మీద పడింది. తడిసి, నల్లగా, మూరెడు పొడుగు. వాల్బుర్గ కాళ్ళ పక్కనుంచి, నిప్పులు కప్పిన చోటు మీదుగా, పొగమంచులోకి పోయింది. దాని నోట్లో ఏదో ఉంది. ఏమిటో ఎవరికీ కనిపించలేదు. కంచె కర్ర ఒకటి కదిలింది. అంతే.

"మార్టెన్," అన్నాను నేను. నా గొంతు నాకే నచ్చలేదు.

"వాడు," అంది వాల్బుర్గ.

వేవి కుంచె సబ్బునీళ్ళలో ముంచింది.

ఆమె కడగడం నేను ఎన్నోసార్లు చూశాను. అంత నెమ్మదిగా కడగడం చూడలేదు. చేతులు ఎర్రబడి, తర్వాత తెల్లబడ్డాయి. పెట్రోలు జిడ్డు పళ్ళెంలోకి దిగింది. గేరుపెట్టె మీది సందులో నాచు, ఈకలు, గుడ్డు పెంకు దొరికాయి, వాటి కింద ఉన్ని. వేవి దాన్ని బయటికి తీసి, నీళ్ళలో జాడించి, పిండి, వాల్బుర్గ చేతిలో పెట్టింది. ఎర్ర చార ఉన్న గ్లౌజు. ఒక్కటే.

వాల్బుర్గ దాన్ని తన చేతికి తొడుక్కుంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

కొత్త సంవత్సరం వచ్చాక, కోతమిల్లు తెరిచే రోజు, తెల్లవారుతూనే రోఖుస్ నిండు బరువుతో బయల్దేరాడు. తీగ మీద పంటి గాటు లేదు. ఇంజన్ గొంతు శుభ్రంగా ఉంది. నేనూ వేవీ యార్డు అంచున నిలబడి, పొగమంచులో ఏమీ కనిపించకపోయినా, వింటున్నాం. మొదటి మలుపు. చిన్న వంతెన. తర్వాత గొర్రెల మలుపు.

చప్పుడు ఆగిపోయింది.

వేవి నా చెయ్యి పట్టుకోలేదు. తన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. ఎంతసేపో నేను చెప్పలేను. ఆ తర్వాత కిందనుంచి ఇంజన్ మళ్ళీ వినిపించింది. బరువు మోసుకుంటూ, గేరు మార్చుకుంటూ, మెల్లగా దిగిపోయింది.

సాయంత్రం రోఖుస్ చెప్పాడు. "మలుపుకి ముందు నేనే ఆపా. ఇంజన్ ఆఫ్ చేసి చూశా. మళ్ళీ స్టార్ట్ అవుద్దా లేదా అని. అన్నయ్య దగ్గర ఆగకుండా పోబుద్ధి కాలేదు."

"అక్కడ ఆపితే మేం ఇక్కడ చచ్చాం కదరా గాడిదా," అంది వేవి. వాడి భుజం మీద గట్టిగా ఒకటి కొట్టింది. కొట్టిన చెయ్యి వెంటనే తియ్యలేదు.

అక్కడితో రోఖుస్ గండం తీరింది. వేవిది మొదలైంది.

ఆమె బయటికి ఏమీ చెప్పలేదు గానీ, ఆ చలికాలమంతా పోయేవాళ్ళు సర్దుకున్నట్టు సర్దుకుంది. కోళ్ళను చెల్లెలి ఇంటికి పంపింది. కుంచెలకు కొత్త పిడులు వేసి నా షెడ్డులో పెట్టింది. "ఎవరికైనా పనికొస్తయ్." మంచి నల్లగౌను తలుపు వెనక తగిలించింది. చర్చి నుంచి వచ్చేటప్పుడు వాల్బుర్గ ఎదురైతే ఇద్దరూ తల ఊపి పక్కకు తప్పుకునేవారు. శాపం పెట్టినామెకు అది వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియడం లేదు. పడ్డామెకు అడగాలని లేదు.

"ఆ మాటలన్నీ నమ్ముతున్నావా వేవక్కా?" అన్నాను ఒకరోజు.

"నమ్మడం కాదు. బ్యాటరీ విప్పడం లాంటిది. ప్రతిసారీ మెరుపొస్తదని కాదుగా విప్పేది."

ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె ఇంట్లో చారు తాగుతూ ఒకరోజు నేను స్పూను కింద పెట్టి పైకి చూశాను. ఎందుకు చూశానో కాసేపటికి గానీ తెలియలేదు. పైన ఏ చప్పుడూ లేదు.

"ఎప్పట్నుంచి?"

"ఆ సాయంత్రం నుంచి." వేవి చీపురు తీసి మూడుసార్లు పైకప్పుకు తట్టింది. ఇద్దరం చెవులు రిక్కించాం. ఇల్లంతా దూది కుక్కినట్టు ఉంది. "రోజూ తడుతున్నా," అంది.

మంచు కరిగి గడ్డి పచ్చబడ్డాక అటక మీద నుంచి వాసన లాంటిది ఏదో రావడం మొదలైంది. ఎక్కువ కాదు. నిచ్చెన వేసుకుని నేను ఎక్కాను, ఆమె కింద పట్టుకుంది. చూరు పక్కన, పాత ఎండుగడ్డిలో, అది చుట్టుకుని పడుకుని ఉంది. ఎండిపోయి, తేలికగా. బొచ్చు అట్టకట్టి ఉంది. ఇంకా సన్నగా పెట్రోలు వాసన. ఒంటిమీది పెట్రోలంతా నాకి శుభ్రం చేసుకుందన్నమాట. అవి అలాగే నాక్కుంటాయి, పిల్లుల్లాగా; ఆ విషమే కడుపులోకి పోయింది. దాని తల కింద ఎర్ర చార ఉన్న గ్లౌజు ఉంది. రెండోది.

నేను నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. విన్‌చెన్స్ ఆరబెట్టుకున్న గ్లౌజుల్ని వెచ్చని ఇంజన్ మీది నుంచి తీసుకుపోయింది ఇదే. లారీ మళ్ళీ తిరగడం మొదలయ్యాక వాటిని తెచ్చి గేరుపెట్టె మీద పరుచుకుందీ ఇదే. ఆ తీగ కొరికిందీ ఇదే అయి ఉండాలి. ఆ రోజు రోఖుస్ పెట్రోలు చల్లుతుంటే గేరుపెట్టె సందులో బిగుసుకుని, కదలకుండా ఉన్నదీ ఇదే. ఇంట్లో చీపురుకర్రతో తట్టే మూడు దెబ్బలూ, లారీ బంపరు మీది మూడు దెబ్బలూ దానికి ఒకటే. వేవి పిలిచింది అనుకుంది. పలికింది.

కిందికి దిగి చెప్పాను. వేవి మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు తన అరచేతుల వంక చూసుకుంది.

కంచె అవతలి నుంచి వాల్బుర్గ వచ్చింది. మేమిద్దరం అలా కూర్చోవడం చూసి ఉంటుంది. పాత గోనెగుడ్డలో చుట్టినదాన్నీ, గ్లౌజునీ చూసింది. దాని పళ్ళు చూసింది. అర్థమైంది. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె కూడా వచ్చి మెట్టు మీద, వేవి పక్కన కూర్చుంది.

"నీ ఇంట్లో నువ్వొక్కదానివే అన్నావు," అంది.

"నేనే లెక్క తప్పా," అంది వేవి.

నేను పెరట్లో గుంట తీశాను. గ్లౌజు తీసి వాల్బుర్గకు ఇవ్వబోతే ఆమె తల అడ్డంగా ఊపింది.

"దాని కిందే ఉంచు. మట్టి ఇంకా చల్లగా ఉంది."

ఆ రోజే చూరు పక్కన అది దూరే కన్నానికి గట్టి ఇనప జాలీ కొట్టాను. అంగుళానికో మేకు దిగ్గొట్టి, చుట్టూ సిమెంటు పూశాను. వేవి కింద నిలబడి చూసింది. కోళ్ళు తిరిగి వచ్చాయి. నల్లగౌను పెట్టెలోకి పోయింది. కుంచెలు నా దగ్గర నుంచి పట్టుకుపోయింది. "ఎక్కడివక్కడ పెట్టావా లేదా నా కుంచెలు?" అని రెండు తిట్లు తిట్టి మరీ. రోఖుస్ లారీ ఇప్పుడు నెలకోసారి ఆమె దగ్గరకు వస్తుంది. బంపరు మీద మూడు దెబ్బలు కొట్టి ఆమె ఆగే సమయం పెరిగింది. కుర్రాళ్ళు ఇప్పుడు ఏడిపించరు.

మళ్ళీ మంచు పడింది. మొన్న, దీపాలు పెట్టే వేళ, ఆమె ఇంట్లో బార్లీ చారు తాగుతున్నాను. చూరు మీది మంచు అడుగుజాడ ఒక్కటీ లేకుండా నున్నగా ఉందని వచ్చేటప్పుడే చూశాను. జాలీ కొట్టినది కొట్టినట్టే ఉంది. వేవి రొట్టె విరుస్తోంది.

పైనుంచి టక్, టక్, టక్.

నా చేతిలో స్పూను ఆగిపోయింది. చీపురు ఎప్పటిలాగే పొయ్యి పక్కన ఆనించి ఉంది. వేవి దాని వైపు చూడలేదు.

"విన్నావా అక్కా?"

"రోజూ వింటున్నా."

"జవాబియ్యవా?"

"ఇస్తే మళ్ళీ నన్ను నమ్ముద్ది," అంది వేవి. రొట్టెముక్క నా గిన్నె పక్కన పెట్టింది. "తిను క్విరిన్. చల్లారిపోద్ది."